దొమ్మరోగం ముప్పు పటాన్ని ఊరి పేర్లతో సహా బయటపెట్టాలా?

1. పటంపిచ్చి

తొలకరి వానలు పడ్డాక గొర్రెలు ఉన్నట్టుండి కూలిపోయాయన్న వార్తలు వస్తాయి, ముక్కుల నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారిందని రాస్తారు, నాలుగు రోజులకు అందరూ మరిచిపోతారు. దొమ్మరోగం, అంటే ఆంథ్రాక్స్, ఎక్కడ పడితే అక్కడ పుట్టే జబ్బు కాదు. దాని సిద్ధబీజాలు, అంటే గట్టి పెంకులో నిద్రాణంగా ఉండే సూక్ష్మజీవి రూపాలు, నేలలో దశాబ్దాల తరబడి బతికి ఉంటాయి. సున్నం ఎక్కువగా ఉండే క్షార నేలలు వాటికి అనుకూలం. ఎండకు గడ్డి పొట్టిదైపోయి గొర్రె మట్టితో సహా కొరికే కాలంలోనూ, ఆ వెంటనే పెద్ద వాన పడినప్పుడూ అవి పశువు నోటికి చేరతాయి. నేల స్వభావం, వాన, పచ్చిక, జీవాల సాంద్రత, గతంలో జబ్బు వచ్చిన చోట్లు, వీటన్నింటినీ ఒకదానిపై ఒకటి పరిచి చూస్తే ముప్పు ఎక్కడ ఎక్కువో చాలావరకు చెప్పవచ్చు.

బెంగళూరులోని నివేదీ అనే జాతీయ సంస్థ పశువ్యాధులపై రెండు నెలల ముందుగానే జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తోంది. అది మంచి పనే గానీ, జిల్లాకంతటికీ ముప్పు ఎక్కువ అని చెబితే కాపరి తన మందను ఎటు తోలాలి? 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఒక్క గొర్రె కూడా చోటు మారకపోయినా, జిల్లాను కొలతగా తీసుకున్న ఏ పటంలోనైనా ఆ రోజుతో రంగులు మారక తప్పదు. కొలత అంత వదులుగా ఉంది.

పటానికి ఉన్న శక్తి తెలియాలంటే 1979 ఏప్రిల్‌లో సోవియట్ నగరం స్వెర్డ్‌లోవ్‌స్క్‌లో జరిగింది చూడాలి. ఆంథ్రాక్స్‌తో 60 మందికి పైగా చనిపోతే, చెడిపోయిన మాంసం వల్ల అని ప్రభుత్వం చెప్పింది. పదమూడేళ్ల తర్వాత అమెరికా శాస్త్రవేత్త మాథ్యూ మెసెల్సన్ బృందం అక్కడికి వెళ్లి, బాధితులు ఆ రోజుల్లో పగటిపూట ఎక్కడెక్కడ ఉన్నారో ఆరా తీసి పటం మీద గుర్తించింది. చాలావరకు చుక్కలు సైనిక స్థావరం నుంచి దక్షిణంగా సాగిన 4 కిలోమీటర్ల సన్నటి పట్టీలో పడ్డాయి. ఆ పట్టీని అదే దిక్కున పొడిగిస్తే, 50 కిలోమీటర్ల దాకా గొర్రెలూ ఆవులూ చనిపోయిన పల్లెలు దాని మీదే వచ్చాయి. ఏప్రిల్ 2న గాలి వీచింది కూడా అటువైపే. మనుషుల చావులనూ పశువుల చావులనూ ఒకే కాగితం మీద పెట్టబట్టి, సిద్ధబీజాలు ఆ స్థావరం నుంచే గాలిలో వచ్చాయని తేలి, ఆ అబద్ధం బయటపడింది.

అందువల్ల గ్రామస్థాయి ముప్పు పటాన్ని ఎవరైనా చూడగలిగేలా ప్రచురించాలని కోరుతూ రెండు తెలుగు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలకు వినతిపత్రం పంపాలనుకుంటున్నాను. అభ్యంతరాలు ఉంటే చెప్పండి.

2. అంకెలగారడి

నాకు ఒకే ఒక్క సందేహం ఉంది. మీ పటంలో తెల్లరంగుకు అర్థం ఏమిటి? ఇక్కడ వెతికాం, జబ్బు లేదు అనా? ఇక్కడ ఎవరూ వెతకనేలేదు అనా? ఈ రెండింటికీ ఒకే రంగు పూసే పటాన్ని నేను పటంగా అంగీకరించను.

3. తాటిముంజ

వాన పడుతుందని చెప్పి ఏ ఊళ్లో పడుతుందో చెప్పకపోతే గొడుగు ఎవరు పట్టుకెళ్లాలి? నా ఓటు పటంపిచ్చి గారికే.

4. మందబాట

మా ఇంట్లో నాలుగు తరాలుగా నెల్లూరు జాతి జీవాలు ఉన్నాయి. జొడిపి గొర్రెకూ పల్ల గొర్రెకూ తేడా తెలియనివారు కూడా ముప్పు పటాలు గీయవచ్చు, దానికి నాకు అభ్యంతరం లేదు. కానీ మంద ఏ రోజు ఎక్కడ ఉంటుందో తెలియకుండా గీయకూడదు.

మా ఊరు వెలిగొండల కింద ఉంది. వరికోతలు కాగానే మా మందలు తూర్పుకు కదిలి పెన్నా మాగాణుల్లోకి దిగుతాయి. దారిలో ఒక్కో రాత్రి ఒక్కో రైతు పొలంలో ఎరువు కోసం మంద నిలుపుతాం కనుక, వారం తిరిగేసరికి ఏడు ఊళ్ల మట్టి మా గొర్రెల నోట్లో పడి ఉంటుంది. దొమ్మ సోకాక బయటపడటానికి సాధారణంగా మూడు నుంచి ఏడు రోజులు పడుతుందని డాక్టర్లే చెబుతారు. ఎనిమిదో ఊళ్లో గొర్రె పడిపోతే, సొంతదారుడి చిరునామా అడిగి మా ఊరి పేరు రాస్తారు, లేదంటే నమూనా అందుకున్న ఆసుపత్రి ఉన్న ఊరి పేరు రాస్తారు. సిద్ధబీజం మూడో ఊరిది, చావు ఎనిమిదో ఊరిది, చెడ్డపేరు మాత్రం మాది. చుక్క పడేది గొర్రెకు జబ్బు సోకిన చోట కాదు, కాగితం పుట్టిన చోట.

మీరు చెప్పిన స్వెర్డ్‌లోవ్‌స్క్ పటం నిలబడిందంటే, చనిపోయినవారు పగలు ఎక్కడ ఉన్నారో వారి ఇంటివారిని అడిగి తెలుసుకున్నారు కాబట్టి నిలబడింది. మా మంద ఏ దారిన వచ్చిందని ఇంతవరకు ఎవరైనా అడిగారా?

5. పటంపిచ్చి

మందబాట గారు చెప్పిన ఇబ్బంది ఈ రంగంలో ఉన్నవారికి కొత్తది కాదు. చుక్కను చుక్కగా కాకుండా కొన్ని కిలోమీటర్ల వలయంగా తీసుకోవచ్చు. రోడ్డు పక్కనో ఆసుపత్రి దగ్గరో ఉండటం వల్ల నమోదు ఎక్కువగా జరిగే ఊళ్లకు లెక్కలో బరువు తగ్గించే పద్ధతులు ఉన్నాయి. మాక్సెంట్ వంటి కంప్యూటర్ లెక్కల పద్ధతులైతే జబ్బు లేదని తేలిన చోట్ల జాబితా లేకపోయినా పనిచేస్తాయి. జబ్బు వచ్చిన చోట్ల నేల, వాన, పచ్చిక ఎలా ఉన్నాయో చూసి, అలాంటి పరిస్థితులు ఇంకెక్కడ ఉన్నాయో చెబుతాయి. గణాంకవేత్త మార్టిన్ కుల్‌డార్ఫ్ 1997లో వివరించిన స్కాన్ పద్ధతిలో చిన్నవీ పెద్దవీ వృత్తాలను పటమంతా జరుపుతూ పోయి, ఏ వృత్తం లోపల కేసులు కాకతాళీయం అనుకోలేనంత ఎక్కువగా ఉన్నాయో పట్టుకుంటారు. చిరునామా కొన్ని మైళ్లు తప్పినంత మాత్రాన మొత్తం విద్యను కొట్టిపారేయడం సబబు కాదు.

అంకెలగారడి గారి సందేహానికి బూడిదరంగు వాడితే సరిపోతుంది. అంత చిన్న విషయానికి పటాన్నే ఆపనక్కరలేదు.

6. అంకెలగారడి

అది చిన్న విషయం కాదు. మీరే ఇప్పుడు చెప్పారు, మాక్సెంట్‌కు జబ్బు లేని చోట్ల జాబితా అక్కరలేదని. అంటే జబ్బు లేకపోవడం గురించి దానికి ఏమీ తెలియదన్నమాట. నా సందేహం మొదటి నుంచీ అదే కదా.

ఆంథ్రాక్స్ మీద ప్రపంచమంతటికీ కలిపి 2019లో ఒక పటం ప్రచురితమైంది. ముప్పు ఉన్న ప్రాంతాల్లో 183 కోట్ల మంది నివసిస్తున్నారని అందులో అంచనా వేశారు. ఆ అంకె పక్కనే ఉన్న పరిధిని కూడా చదవండి. కనిష్ఠం 59 కోట్లు, గరిష్ఠం 416 కోట్లు. వారిలో అత్యధికులు పశువుల జోలికే పోరు కనుక నిజంగా పట్టించుకోవలసిన అంకె పేద పశుపోషకులదని వారే అన్నారు. అది 6.38 కోట్లు. దాని పరిధి కూడా 1.75 కోట్ల నుంచి 16.86 కోట్ల దాకా ఉంది. ఇంత అనిశ్చితిని దాచకుండా రాసినందుకు వారిని గౌరవిస్తాను. మీ గ్రామస్థాయి పటంలో ఒక్కో ఊరి పేరు పక్కన ఇలాంటి పరిధి వేస్తారా? ఎర్రరంగు మాత్రమే వేసి ఊరుకుంటారా?

7. చెవినరం

నేను పశువైద్యశాలల్లో 34 ఏళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నా పేరు చూసి నవ్వుకున్నవారికి ఒక మాట. దొమ్మ అని అనుమానం వచ్చిన కళేబరాన్ని కోయకూడదు. చెవి నరం నుంచి చుక్క రక్తం తీసి, గాజుపలక మీద పూసి, మిథిలీన్ బ్లూ రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూడాలి. కడుపు కోసి గాలి తగలనిస్తే లోపలి సూక్ష్మజీవులు సిద్ధబీజాలుగా మారి నేలలో కలుస్తాయి. ఆ క్షణం నుంచి ఆ చోటు పటంలో ఉండవలసిన చోటు అవుతుంది.

మీరంతా వానలూ ఉపగ్రహాలూ అంటున్నారు. ఫ్రాన్సులోని బోస్ ప్రాంతంలో కొన్ని పొలాలకు శాపం తగిలిందని రైతులు నమ్మేవారు, వాటిలో మేసిన గొర్రెలు చచ్చేవి. అవి పాత కళేబరాలను పూడ్చిన చోట్లనీ, వానపాములు సిద్ధబీజాలను పైకి తెస్తున్నాయనీ 1880లో పాశ్చర్ చెప్పాడు. బ్రిటన్ 1942లో ఆంథ్రాక్స్ బాంబులను పరీక్షించిన గ్రూయినార్డ్ అనే చిన్న ద్వీపాన్ని, 1986లో ఫార్మాల్డిహైడ్‌తో నేలంతా తడిపిన తర్వాత, 1990లో గానీ క్షేమమని ప్రకటించలేకపోయారు. ఈ రెండు సందర్భాల్లోనూ నేల రకం కన్నా ముందు అక్కడ ఏం జరిగిందో తెలియాలి. కాబట్టి నా ప్రశ్న ఒక్కటే. గుంత ఎక్కడ ఉంది? ఎంత లోతు తీశారు? సున్నం వేశారా? చుట్టూ కంచె కట్టారా? గుంతల పటం లేకుండా ముప్పు పటం గీయడం, పునాది ఎక్కడుందో చూడకుండా గోడకు రంగులు వేయడమే.

8. కొత్తచెప్పులు

డాక్టరు గారూ, అలాంటి గుంతల పటం ఎవరైనా రాసి ఉంచారా?

9. మన్యంవాన

నేను పాడేరు వైపు ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తున్నాను. మీ వైపు దొమ్మ ముందు గొర్రెల్లో కనబడుతుంది. మా వైపు చాలాసార్లు ముందు మనిషి చేతి మీద కనబడుతుంది, నొప్పి లేని పుండుగా, మధ్యలో నల్లటి పెచ్చుతో. చచ్చిన పశువును కోసి పంచుకున్న ఇళ్లలోనే వస్తుంది. పక్కనున్న ఒడిశాలోని కోరాపుట్ జిల్లాలో ఇది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. వారపు సంత రోజున పశువు రాష్ట్రం సరిహద్దును గంటలో దాటుతుంది గానీ కేసుల జాబితా దాటదు. అందుకే రాష్ట్రం వరకే గీసిన ఏ పటంలోనైనా అంచున ఉన్న మా గడి సగం ఖాళీగానే ఉంటుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. మనిషి పుండు మా రిజిస్టరులో ఉంటుంది, పశువు చావు పశువైద్యశాల రిజిస్టరులో ఉంటుంది. ఆ రెండూ ఒకే బల్ల మీదికి వచ్చిన రోజు నాకైతే గుర్తులేదు.

10. పటంపిచ్చి

మన్యంవాన గారు చెప్పింది నా వాదనకే బలం. అంకెలగారడి గారు అడిగే తెల్లరంగుకు కూడా జవాబు చెబుతాను. సైబీరియాలోని యమాల్ ప్రాంతంలో 1941 తర్వాత దశాబ్దాల పాటు ఆంథ్రాక్స్ కనబడలేదు. జబ్బు లేదు కదా అని 2007లో రెయిన్‌డీర్లకు టీకాలు మానేశారు. 2016 వేసవిలో విపరీతమైన ఎండలకు గడ్డకట్టిన నేల కరిగింది. 2,000కు పైగా రెయిన్‌డీర్లు చనిపోయాయి, పన్నెండేళ్ల పిల్లవాడు ప్రాణం కోల్పోయాడు. జబ్బు కనబడని చోటును అందరూ మరిచిపోతారు. అలా మరవకుండా ఉండటానికే ఊరి పేరుతో పటం కావాలంటున్నాను.

ఇక మందబాట గారి విషయం. ఆయన చుక్క తప్పు, చిరునామా తప్పు అంటున్నారు గానీ, సరైన చిరునామా రాయించడానికి ఏం చేయాలో ఒక్క మాట కూడా చెప్పడం లేదు. పశువుకు అంటువ్యాధి ఉందని అనుమానం వస్తే సొంతదారుడు తెలియజేసి తీరాలని 2009 నాటి కేంద్ర చట్టం చెబుతోంది. నాకు అర్థమైనంతలో ఈయన అభ్యంతరం లెక్కల మీద కాదు, సంతలో గొర్రెల ధర మీద. మీ ఊరి బేరం చెడకూడదని పక్క ఊరి మనుషులను బలిపెట్టమంటారా?

11. మందబాట

చివరికి అడగవలసింది అడిగారు, సంతోషం. అవును, నా అభ్యంతరం సంతలో ధర మీదే. అందులో సిగ్గుపడవలసింది ఏముందో నాకు అర్థం కావడం లేదు.

కొన్నేళ్ల కిందట మా మందలో వరుసగా మూడు గొర్రెలు పడిపోయాయి. కోసి పంచుకుందామని దొడ్డి దగ్గర నలుగురు చేరారు. మా నాన్న కత్తి పట్టనివ్వకుండా ఆసుపత్రికి మనిషిని పంపారు. రక్తం తీశారు, దొమ్మ అని తేలింది, గుంత తీసి సున్నం వేసి పూడ్చారు, చుట్టుపక్కల మందలన్నింటికీ టీకాలు వేశారు. అన్నీ పుస్తకంలో రాసినట్టే జరిగాయి. మరుసటి వారానికి మా ఊరి పేరు ఉన్న ఒక జాబితా వాట్సాప్‌లో తిరిగింది. అది ఎవరు పెట్టారో ఇప్పటికీ తెలియదు. రెండు సీజన్ల పాటు సంతలో మా ఊరి జీవాలను బేరగాళ్లు ముట్టుకోలేదు, ముట్టుకున్నవారు సగం ధర అడిగారు. రాత్రి మంద నిలుపుకోవడానికి రైతులు పొలంలోకి రానివ్వలేదు. మా బీమా గడువు దాటిపోయి ఉంది కనుక చచ్చిన గొర్రెలకు పైసా రాలేదు. ఊళ్లో వాళ్లు జబ్బును తిట్టలేదు, మా నాన్నను తిట్టారు.

మాకు రెండు మైళ్ల దూరంలో ఇంకొక ఊరు ఉంది. అక్కడా అదే వారం గొర్రెలు చచ్చాయని అందరికీ తెలుసు. వాళ్లు కోసుకున్నారు, తోళ్లు అమ్ముకున్నారు, ఎవరికీ చెప్పలేదు. మీ పటంలో ఆ ఊరు ఏ రంగులో ఉంటుందో అంకెలగారడి గారిని అడగండి.

12. అంకెలగారడి

తెల్లగా ఉంటుంది.

13. నిర్వాహకులు

వాదించండి, అభ్యంతరం లేదు. సభ్యుల ఉద్దేశాలను శంకిస్తూ రాసే వ్యాఖ్యలను మాత్రం ఇకపై తొలగిస్తాం.

14. పటంపిచ్చి

శంకించినందుకు మందబాట గారిని క్షమించమంటున్నాను. నేను ఎందుకంత తొందరపడ్డానో కూడా చెప్పాలి. మా మేనమామ తోళ్ల వ్యాపారం చేసేవాడు. ఒక ఏడాది ముంజేతి మీద చిన్న పొక్కు లేచింది, నొప్పి లేదు కదా అని వదిలేశాడు, నాలుగు రోజులకు మధ్యలో నల్లబడి చెయ్యంతా వాచింది. వరుసగా చూపించుకున్న ఇద్దరు వైద్యులు తేలు కుట్టిందనో, పురుగు ముట్టిందనో మందులు ఇచ్చారు. మూడో ఆయన ఏం పని చేస్తావని అడిగాడు. అడిగాడు కాబట్టి బతికాడు. చెయ్యి మాత్రం మునుపటిలా కాలేదు. ఆ తోళ్లు ఏ ఊరివో ఆరా తీస్తే ఆ ఊళ్లో జబ్బు లేదన్నారు. మందబాట గారి పక్క ఊరి లాంటి ఊరే అయి ఉంటుంది.

ఊరి పేరు పటం మీద ఉండి ఉంటే మొదటి వైద్యుడే ఆ ప్రశ్న అడిగేవాడు. అందుకే నాకు గ్రామస్థాయి కావాలి.

15. మందబాట

మీ మేనమామ సంగతి విని బాధ కలిగింది. కానీ మీరు చెప్పినదాన్నే ఇంకొకసారి చదవండి. తోళ్లు వచ్చిన ఊరు ముందే పటంలో లేదు, చెప్పలేదు కాబట్టి. బహిరంగ పటం వచ్చాక అది పటంలోకి ఎలా వస్తుంది? చెప్పిన ఊరికి ఏమైందో చూసిన తర్వాత ఎవరు చెబుతారు? మా నాన్న ఇప్పుడైతే కత్తి తీసేవారని అనను, ఆయన అలాంటి మనిషి కాదు. నేను తీసేవాణ్ణేమో, నిజం చెబుతున్నాను.

మన తగాదా పటం తప్పా ఒప్పా అని కాదు, ఏది ముందు అని. చెప్పినవాడికి చచ్చిన గొర్రె ధరా, సంత మూతపడిన రోజుల నష్టమూ ముందు కట్టిపెట్టండి. బర్డ్‌ఫ్లూ వస్తే ప్రభుత్వం చంపించిన కోళ్లకు పరిహారం ఇచ్చే పద్ధతి ఉంది కదా. ఆ తర్వాత పటం వేయండి, మా ఊరి పేరు పెద్ద అక్షరాలతో వేయండి.

16. పటంపిచ్చి

ఇక్కడే మన దారులు వేరవుతున్నాయి. కనబడని నష్టానికి ఏ ప్రభుత్వమూ డబ్బు కేటాయించదు. పటం ముందు రావాలి, అందులో ఎర్రబడిన ఊళ్లను చూపించి పరిహారం అడగాలి. మీరు చెప్పిన వరుసలో పోతే రెండూ రావు.

17. మలెనాడు తెలుగు

నేను శివమొగ్గ జిల్లాలో ఉంటున్నాను. 1957లో ఇక్కడి క్యాసనూరు అడవిలో బయటపడిన కోతి జ్వరం, కన్నడంలో మంగన కాయిలె, ఇప్పటికీ ప్రతి ఎండాకాలం భయపెడుతూనే ఉంది. పిడుదు పురుగుల ద్వారా వస్తుంది. అడవిలో కోతి చనిపోతే అది మొదటి హెచ్చరిక. కళేబరం దొరికిన చోటి చుట్టూ మందు చల్లుతారు, అటువైపు వెళ్లవద్దని చుట్టుపక్కల వారికి చెబుతారు. కోతుల చావులు, మనుషుల జ్వరాలు, అడవి రకం, పశువుల సాంద్రత కలిపి గీసిన ముప్పు పటాలు కూడా వచ్చాయి. అడవీ పొలమూ కలగలిసిన చోట్ల, పశువులు ఎక్కువగా ఉన్న చోట్ల ముప్పు ఎక్కువని వాటిలో తేలింది. ఆ పటాలు గీసినవారు అటవీ, పశువైద్య, ఆరోగ్య శాఖల వారిని మొదటి నుంచీ వెంటబెట్టుకున్నారు.

మీ వాదన చదువుతుంటే నాకు ఒకటి తోచింది. కోతికి సొంతదారుడు లేడు. చచ్చిన కోతి గురించి చెప్పినవాడికి సంతలో బేరం పోదు. అందుకే మా దగ్గర చావు కబురు కాస్త త్వరగా వస్తుంది. గొర్రె విషయంలో అది కుదరదు.

18. అంకెలగారడి

మనిషి తిరగని అడవిలో చచ్చిన కోతి కబురు కూడా రాదు. అదీ తెలుపే.

19. తాటిముంజ

అంకెలగారడి గారి ఇంటి గోడలకు ఏ రంగు వేయించారో తెలుసుకోవాలని ఉంది.

20. మన్యంవాన

పటంపిచ్చి గారి మేనమామ గారిని మూడో వైద్యుడు అడిగిన ప్రశ్నకు పటం అవసరం లేదని నా అనుభవం. నల్లటి పెచ్చు కనబడితే చచ్చిన పశువును ముట్టారా అని మేము ఏ ఊరివారినైనా అడుగుతాం. ఊరి పేరు చూసి అడగడం మొదలుపెడితే, పటంలో లేని ఊరి నుంచి వచ్చినవారిని అడగడం మానేస్తామేమోనని నా భయం.

21. పటంపిచ్చి

ఆ భయం న్యాయమైనదే, నాకు తట్టలేదు. వినతిపత్రాన్ని కొంత మారుస్తున్నాను. మొదటిది, ప్రతి ఊరికీ రెండు రంగులు ఉండాలి, ముప్పు ఎంత అన్నది ఒకటి, గత మూడేళ్లలో అక్కడ ఎన్ని నమూనాలు పరీక్షించారన్నది రెండోది. పరీక్షలే జరగని ఊరికి తెలుపు కాదు, గళ్ల గుర్తు పడుతుంది. రెండోది, మంద నడిచిన దారిని గత పది రోజుల మేరకు అడిగి రాసుకోవాలి. మూడోది, టీకా వేయడం పూర్తయిన తేదీ ఊరి పేరు పక్కనే ఉండాలి. టీకా వేసిన మందను కొనడం, జబ్బును చెప్పకుండా దాచిన ఊళ్లో కొనడం కన్నా క్షేమమని బేరగాడికి అప్పుడైనా తెలుస్తుంది. బహిరంగంగా ఉంచాలన్న మాటను మాత్రం తీసేయను.

22. మందబాట

మూడో అంశం ఎవరు చెప్పి ఉన్నా సంతోషించేవాణ్ణి. అది మా ఊరికి ఆ ఏడాదే జరిగి ఉంటే నేను ఇక్కడ ఇంతగా వాదించేవాణ్ణి కాదు. అయినా పరిహారం మాట లేని కాగితం మీద నేను సంతకం చేయను.

23. చెవినరం

కొత్తచెప్పులు గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది. గుంతల పటం రాసి ఉంచారా అని అడిగారు. నేను పనిచేసిన చోటల్లా నా సొంత డైరీలో రాసుకున్నాను, ఎవరూ అడగలేదు కనుక ఎవరికీ ఇవ్వలేదు. నిన్న రెండు సంచులు దించి వెతికి చూశాను. మొత్తం 31 గుంతలు ఉన్నాయి. అప్పట్లో ఫోన్లలో అక్షాంశ రేఖాంశాలు చూసుకునే వీలు లేదు కాబట్టి, చింతచెట్టుకు ఉత్తరంగా ఇరవై అడుగులు, చెరువుకట్ట తూము పక్కన, ఇలా ఉన్నాయి నా రాతలు. ఆ చింతచెట్లలో కొన్ని ఇప్పుడు లేవు. గుర్తుపట్టి వేలు పెట్టి చూపించగలిగినవి తొమ్మిది అనుకుంటున్నాను.

ఆ తొమ్మిదిలో రెండు ఉన్న పొలాలను నాలుగేళ్ల కిందట ప్లాట్లుగా విడగొట్టి అమ్మారు. ఒకదానిలో ఇల్లు లేచింది, పునాది తవ్విన మట్టిని ఎటు తీసుకెళ్లి పోశారో నాకు తెలియదు. రెండోది ఇంకా ఖాళీగానే ఉంది, ముళ్లకంచె వేసి ఉంది, లోపల ఎవరివో మేకలు మేస్తున్నాయి. మొత్తం 31 గుంతల వివరాలూ, ఊరి పేర్లతో సహా, ఇక్కడ పెట్టమంటారా?

24. పటంపిచ్చి

ఇప్పుడే పెట్టండి డాక్టరు గారూ. మేకలు మేస్తున్న ప్లాటు ముందు పెట్టండి.

25. మందబాట

ఇక్కడ పెట్టకండి. ఆ మేకలవాడి దగ్గరికి రేపు మీరే వెళ్లి చెప్పండి. దూరమైతే ఊరి పేరు నాకొక్కడికి చెప్పండి, నేను వెళ్తాను.

26. కొత్తచెప్పులు

ఇల్లు కట్టుకున్నవారికి ఎవరు చెబుతారు?